సుత్తె ఎత్తే ముందు – పాత ఆసుపత్రుల సిమెంటు రేకులు, మన బాధ్యత



వడగండ్ల వాన కురిసిన మరునాడు మన కౌడిపల్లి చుట్టుపక్కల ఏ పల్లెకు పోయినా వినబడే మాట ఒకటే: "రేకులు పగిలినయ్ అయ్యగారూ!" వడగండ్లు పడని ఏడు కోతులు ఆ పని చేస్తాయి. మందలుగా వచ్చి కప్పుల మీద దుంకి చిల్లులు చేసిపోతాయి. పగిలినవి తీసి పారవేస్తాం, కొత్తవి వేస్తాం, అంతటితో ఆ సంగతి మరచిపోతాం.

అయితే ఆ రేకు ముక్కలో ఏమున్నదో, అది పగిలినప్పుడు గాలిలోకి ఏమి లేస్తుందో మనలో చాలామందికి తెలియదు. మన ఇల్లయితే పది పన్నెండు రేకులు. అదే ఒక పాత ఆసుపత్రి అయితే వందల రేకులు. వాటి కింద రోగులు, బాలింతలు, నర్సులు, వంటవారు, రోగులకు తోడు వచ్చినవారు ఉంటారు. మన పెద్దలు కట్టించిన ఆసుపత్రులు, వైద్యశాలలు నేడు ముసలివైపోయాయి. వాటికి మరమ్మతులు జరుగుతున్నాయి, ఇంకా జరగవలసి ఉన్నది. ఆ పనులకు పోయేది మన పల్లెల కూలీలే. కనుక ఈ నెల ఈ విషయాన్ని గూర్చి వివరంగా వ్రాయాలని తలంచాము.

ముందుగా ఒక మాట. ఎవరినీ భయపెట్టడం మా ఉద్దేశం కాదు. చెక్కుచెదరకుండా కప్పు మీద ఉన్న రేకు తనంతట తాను గొప్ప హాని చేయదు. పొడిగా ఉన్న రేకును పగులగొట్టే సుత్తె, దానిని కోసే రంపం, ఆ దుమ్మును ఊడ్చే చీపురు – ప్రమాదం వీటి దగ్గర మొదలవుతుంది. ఈ ఒక్క సంగతి పాఠకుల మనస్సులో నిలిస్తే మా శ్రమ ఫలించినట్లే.

రాతిలో నార

మనం సిమెంటు రేకు అని పిలిచేదానిలో సిమెంటు ఒక్కటే లేదు. నూటికి సుమారు 8 నుండి 10 పాళ్లు ఆస్బెస్టాస్ అనే ఖనిజం కలుస్తుంది. తెలుగులో దీనికి రాతినార అని చక్కని పేరున్నది. చూడడానికి రాయి, చీల్చితే దూదివంటి నార. అది కాలదు, కుళ్లదు, తుప్పు పట్టదు. గ్రీకు భాషలో దాని పేరుకు 'ఆరనిది' అని అర్థం. ఇందులో తెల్లనిది, నీలిది, గోధుమరంగుది అని ముఖ్యంగా మూడు రకాలున్నాయి. మన రేకులలో వాడేది తెల్లని రకం.

ఇది మన తెలుగు నేలకు కొత్త వస్తువేమీ కాదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో రాతినార గనులు నడిచాయి. 1946లో హైదరాబాదులో ఆస్బెస్టాస్ సిమెంటు వస్తువులు చేసే కంపెనీ స్థాపించబడింది. సనత్‌నగర్ కార్ఖానాలో తయారైన రేకులు చార్మినార్ పేరుతో ఊరూరికీ చేరాయి. గడ్డి కప్పు కింద బ్రతికిన పేదవానికి ఆ రేకు గొప్ప మేలుగా కనిపించింది. నిప్పు అంటుకోదు, చెదలు పట్టదు, ఏటేటా కప్పు నేసే బాధ లేదు, ధర తక్కువ. ఆనాడు దానిని కొన్నవారిని తప్పుపట్టడానికి ఏమీ లేదు.

ఆసుపత్రులలోనికి కూడా అది అట్లాగే ప్రవేశించింది. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ గారి ఆసుపత్రి 1898లో తెరువబడింది. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ గారి కృషితో కుష్ఠురోగుల ఆసుపత్రి 1915లో వెలిసింది. ఈ ఆసుపత్రులలో ఫలానా చోట రాతినార ఉన్నదని మేము చెప్పడం లేదు. మన ఆసుపత్రులు ఎంత పాతవో గుర్తు చేయడానికే ఈ మాట. నూరేళ్లు దాటిన ఆవరణలో ఏ కట్టడమూ మొదట కట్టినట్టే మిగిలి ఉండదు. ఒక తరం వరండా చేరుస్తుంది. మరొక తరం రోగుల బంధువులు వండుకొనడానికి షెడ్డు వేస్తుంది. తరువాత సైకిలు స్టాండు, బట్టలుతికే గది, జనరేటరు గది వస్తాయి. మొదటి కట్టడం రాయి, సున్నంతో కట్టినదైనా, 1950 తరువాత చేర్చిన భాగాలను అనుమానంతోనే చూడాలి. మిషన్ ఆసుపత్రి, ప్రభుత్వ దవాఖాన, పాఠశాల, హాస్టలు – దేనికైనా ఇది వర్తిస్తుంది.

1924లో రెండు సంగతులు

మన మెదక్ మహా దేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడింది. కరవు కాలంలో పని దొరకక అలమటించిన పేదలకు కూలి, కూడు కలిగించిన కట్టడమని దానిని మన తాత ముత్తాతలు చెప్పుకొన్నారు.

అదే 1924వ సంవత్సరం మార్చి 14న ఇంగ్లాండు దేశంలో రాచ్‌డేల్ అనే మిల్లుల పట్టణంలో నెల్లీ కెర్షా అనే పేదరాలు మరణించింది. ఆమె వయస్సు 33 ఏండ్లు. ఆమె రాతినారను దారంగా వడికే మిల్లులో పని చేసింది. ఊపిరాడక పనికి పోలేని స్థితికి వచ్చినప్పుడు ఆమె పరిహారం అడిగితే యాజమాన్యం ఒప్పుకొనలేదు. ఆమె సమాధి మీద పేరు చెక్కిన రాయి కూడా పెట్టలేదు. డాక్టర్ విలియం కుక్ ఆమె ఊపిరితిత్తులను సూక్ష్మదర్శినితో పరీక్షించి, వాటిలో రాతినార తునకలు దిగబడి ఉన్నట్లు కనుగొని, ఆ యేడే వైద్య పత్రికలో ప్రచురించాడు. ఆ వ్యాధికే తరువాత ఆస్బెస్టోసిస్ అని పేరు వచ్చింది. 1930లో బ్రిటిషు ప్రభుత్వ అధికారులు కార్మికులను పరీక్షించి నివేదిక ఇవ్వగా, 1931లో మొదటి నిబంధనలు చేయబడ్డాయి.

1960లో దక్షిణాఫ్రికా నుండి మరింత బాధాకరమైన సంగతి బయటపడింది. డాక్టర్ వాగ్నర్, ఆయన తోటివారు ఊపిరితిత్తులను చుట్టి ఉండే పొరకు వచ్చే అరుదైన క్యాన్సరు గల 33 మంది వివరాలను ప్రచురించారు. దీనినే మీసోథీలియోమా అంటారు. ఆ 33 మందిలో అందరూ గనిలో పని చేసినవారు కారు. కొందరు గనుల దగ్గర కాపురమున్నవారు మాత్రమే.

ఒకే యేట ఒకచోట పేదల చేతులతో దేవాలయం పూర్తి అయినది. మరొకచోట ఒక పేద స్త్రీ చేసిన పనే ఆమె ఊపిరి తీసింది. పని పెట్టడం మంచిదే. ఆ పని ఎట్లా చేయించామన్నది కూడా చూచుకొనవలసినదే.

ఊపిరిలో ఏమి జరుగుతుంది?

రాతినార పోగు తల వెంట్రుక కంటె ఎన్నో రెట్లు సన్ననిది. పొడి రేకును పగులగొట్టినప్పుడు కంటికి కనబడే దుమ్ము నేల మీద పడుతుంది. కనబడని పోగులు గంటల తరబడి గాలిలో తేలుతూ ఉంటాయి. వాటికి వాసన లేదు, మంట లేదు, దగ్గు వెంటనే రాదు. అందుచేతనే "ఇన్నేండ్ల సంది కోస్తున్నం, మాకేమైంది?" అని మేస్త్రులు అంటారు.

మామూలు దుమ్మును మన శరీరం కఫంతో బయటకు నెట్టివేస్తుంది. ఈ పోగులు ఊపిరితిత్తుల అడుగుదాకా పోయి అక్కడ గుచ్చుకొంటాయి. శరీరంలోని కాపలా కణాలు వాటిని మింగబోయి, మింగలేక చస్తాయి. ఆ చోట వాపు, పుండు, మచ్చ ఏర్పడతాయి. మచ్చలు పెరిగేకొద్దీ ఊపిరితిత్తి గట్టిపడి మనిషికి ఆయాసం వస్తుంది. కొందరికి ఊపిరితిత్తుల క్యాన్సరు, మరికొందరికి మీసోథీలియోమా వస్తాయి. ఇది బయటపడడానికి 20 నుండి 40 ఏండ్లు పట్టవచ్చు. ఇరవై ఏండ్ల కుర్రవాడు నేడు పీల్చినదానికి మనుమలను ఎత్తుకొనే వయస్సులో మూల్యం చెల్లిస్తాడు. బీడీ, సిగరెట్టు తాగే అలవాటు కూడా ఉంటే ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. మన జిల్లాలో బీడీ తాగే మేస్త్రులకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది.

ఇంకొక సంగతి మన అక్కచెల్లెండ్రు గమనించాలి. విదేశాలలో రాతినార పని చేసినవారి భార్యలకు కూడా ఈ జబ్బు వచ్చింది. వారు మిల్లు గడప తొక్కలేదు. భర్త బట్టలు దులిపి ఉతికారు, అంతే.

తెల్లనిదైనా, నీలిదైనా అన్ని రకాల రాతినార క్యాన్సరును కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. పనిచోట్ల పీల్చిన రాతినార వలన ప్రపంచంలో ఏటా రెండు లక్షల మందికి పైగా చనిపోతున్నారని దాని అంచనా. ఇంగ్లాండు 1999లో దీనిని పూర్తిగా నిషేధించినా, ఆ తరువాత ఎన్నో యేండ్ల వరకు మీసోథీలియోమా ఒక్కదానితోనే ఆ దేశంలో ఏటా 2,000 మందికి పైగా మరణించారు. వారిలో గని కార్మికుల కంటె పాత కట్టడాలను మరమ్మతు చేసిన వడ్రంగులు, కరెంటు పనివారు, గొట్టాల పనివారు ఎక్కువగా కనిపిస్తారు. మన పాఠం ఇక్కడే ఉన్నది. కట్టే రోజు కంటె విప్పే రోజు, రంధ్రం పొడిచే రోజు జాగ్రత్త ఎక్కువ కావాలి.

ఆసుపత్రిలో ఎక్కడెక్కడ వెదకాలి?

కప్పు మీది రేకు అందరికీ కనబడుతుంది. కనబడనివి కూడా ఉంటాయి:

– వార్డుల లోపలి సీలింగు పలకలు, గదులను విడదీసే తెల్లని చదును పలకలు.
– వాననీటి గొట్టాలు, మరుగుదొడ్ల గాలి గొట్టాలు, పాత నీళ్ల తొట్లు.
– పరికరాలను ఉడికించే యంత్రానికీ బాయిలరుకూ పోయే ఆవిరి గొట్టాల మీది పూత. అన్నిటిలోకి ఇది ప్రమాదకరమైనది. రేకులో నారను సిమెంటు గట్టిగా పట్టి ఉంచుతుంది. ఈ పూత మాత్రం ముట్టుకుంటేనే పొడి రాలుతుంది.
– జనరేటరు పొగగొట్టానికి చుట్టిన తాడు, బాయిలరు తలుపు అంచుల పట్టీ.
– ప్రయోగశాలలో స్పిరిటు దీపం మీద పెట్టే, నడుమ తెల్లని చక్రం గల పాత ఇనుప వల. పాఠశాల ప్రయోగశాలలో కూడా ఇది ఉండవచ్చు.

కంటితో చూచి ఇది రాతినారే అని నిశ్చయంగా చెప్పలేము. పరీక్ష చేయించాలి. పరీక్ష కుదరనిచోట, ఉన్నట్టే భావించి జాగ్రత్త పడడం క్షేమం.

మేము చూచినది

కొన్ని సంవత్సరాల క్రితం ఒక ఆసుపత్రి ఆవరణలో, పేరు అవసరం లేదు, పాత వార్డు కప్పు విప్పుతుండగా మేము చూచాము. పైన ఇద్దరు యువకులు గడ్డపారలతో రేకులను పొడుస్తున్నారు. ముక్కలు నేల మీద పడి తెల్లని పొగ వలె దుమ్ము లేస్తున్నది. ముఖానికి తువ్వాలు తప్ప వారికి మరేమీ లేదు. కింద ముగ్గురు స్త్రీలు చీపుళ్లతో ఊడ్చి తట్టల్లో ఎత్తుతున్నారు. వారిలో ఒకామె పసిబిడ్డ చెట్టు కింద ఉయ్యాలలో నిద్రిస్తున్నది. పదడుగుల దూరంలో పక్క వార్డు కిటికీలు తెరిచే ఉన్నాయి, లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయి. సాయంకాలానికి మంచి ముక్కలను ఏరుకొని పోవడానికి ఎడ్లబండి వచ్చింది. ఒకరికి కోళ్లగూటికి, ఒకరికి స్నానాలగది చాటుకు, ఒకరికి పొయ్యి చుట్టూ గాలి ఆపుకొనడానికి. పిల్లలు చిన్న ముక్కలు తీసుకొని తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు.

అక్కడ చెడ్డవారెవరూ లేరు. రోగులకు మంచి కప్పు వేయాలన్నది కమిటీ ఆశ. నాలుగు రోజుల కూలి దొరికిందన్నది పనివారి సంతోషం. ఎవరికీ ఎవరూ చెప్పలేదు, అంతే. చెప్పవలసిన బాధ్యత తెలిసినవారిదే.

యాజకుడు ఇంటిని చూచినట్లు

లేవీయకాండము 14వ అధ్యాయంలో ఇంటి గోడలకు పట్టిన కుష్ఠు పొడను గూర్చిన విధి మన పాఠకులకు తెలిసినదే. అక్కడ పని జరిగే క్రమాన్ని గమనించండి. ముందు ఇల్లు ఖాళీ చేయించుతారు. తరువాత యాజకుడు వచ్చి చూస్తాడు. వెంటనే కూలగొట్టడు, ఇంటిని మూసి ఏడు రోజులు ఆగి మళ్లీ చూస్తాడు. పొడ వ్యాపించిన రాళ్లను మాత్రమే తీయించుతాడు. తీసిన రాళ్లను, గీకిన మట్టిని ఊరి వెలుపల ప్రత్యేకమైన చోట పారవేయించుతాడు. అది వేరొక విషయమే. కాని చూడడం, ఖాళీ చేయించడం, తొందరపడకపోవడం, చెడినదానిని మాత్రమే తీయడం, తీసినదానిని జనం మధ్య ఉంచకపోవడం – ఈ క్రమమే నేటి నిపుణులు కూడా చెప్పేది.

ఇంగ్లాండులో 2004 నుండి ఆసుపత్రి వంటి కట్టడాలను నిర్వహించేవారు తమ కట్టడంలో రాతినార ఎక్కడున్నదో తెలిసికొని, పుస్తకంలో వ్రాసి, పని చేయ వచ్చినవానికి ముందే చూపించాలని చట్టం అమలులోనికి వచ్చింది. మన ఆసుపత్రి కమిటీలు కూడా దీనిని స్వచ్ఛందంగా చేయవచ్చును. దీనికి పెద్ద ఖర్చు లేదు.

చేయవలసిన క్రమం

1. పుస్తకం పెట్టండి. ఒక ఇంజనీరును, పాత మేస్త్రిని వెంటబెట్టుకొని ఆవరణ అంతా తిరగండి. ఏ గదిలో, ఏ వస్తువు, ఎంత, ఏ స్థితిలో ఉన్నదో వ్రాయండి. ఏడాదికొకసారి మళ్లీ చూడండి.

2. బాగున్నదానిని కదపవద్దు. పగులు లేని రేకు, పలక ఉన్నచోటనే ఉండనివ్వండి. ఎర్ర రంగుతో గుర్తు పెట్టండి. ఫ్యాను కొక్కెం కోసం, వైరు కోసం, గొట్టం కోసం దానికి రంధ్రం చేయవద్దు. పాచి పట్టిందని ఇనుప బ్రష్షుతో గీకవద్దు, జోరుగా కొట్టే నీళ్ల యంత్రంతో కడగవద్దు.

3. కొద్దిగా చెడినదానికి పూత వేయండి. తడిపి, గరుకు కాగితంతో రుద్దకుండా, మంచి రంగును బ్రష్షుతో పూస్తే పోగులు రాలకుండా ఆగుతాయి.

4. తీయవలసినదే అయితే రోగులను ముందు తరలించండి. పక్క గదుల కిటికీలు, తలుపులు మూసి ప్లాస్టిక్ పట్టాలు కట్టండి. ఫ్యాన్లు, ఏసీలు ఆపివేయండి. పిల్లలను, గర్భిణులను దరికి రానీయవద్దు.

5. తడపండి. పని మొదలు పెట్టక ముందు, పని జరిగినంతసేపు నీళ్లు పిచికారీ చేయండి. నీళ్లలో కొద్దిగా సబ్బు కలిపితే బాగా ఇంకుతుంది. పొలం మందు కొట్టే స్ప్రేయరు వంటిదే చాలు, అయితే అది కొత్తది కావాలి. పురుగుమందు కొట్టినది వద్దు.

6. పగులగొట్టకుండా విప్పండి. జె-హుక్కుల మరలు విప్పండి, తుప్పు పట్టినవైతే కొక్కేన్నే కత్తిరించండి. రేకును నిండుగా దించి చేతులు మారుస్తూ కిందికి అందించండి. పైనుండి విసరవద్దు. కరెంటు రంపం అసలే వద్దు.

7. రేకు మీద అడుగు పెట్టవద్దు. పాత రేకు మనిషి బరువు మోయదు. అది విరిగి పడిపోయి నడుములు విరిగినవారు, ప్రాణాలు పోయినవారు ఉన్నారు. ఈ ప్రమాదం ఇరవై ఏండ్లు ఆగదు, ఆ క్షణమే జరుగుతుంది. తడిపిన రేకు జారుతుంది కూడా. కింది నుండి గోవా కట్టుకొని పని చేయడం మంచిది. పైకి ఎక్కక తప్పకపోతే దూలాల మీద ఆనేటట్టు వెడల్పైన పలకలు పరచి, నడుముకు తాడు బెల్టు కట్టాలి.

8. సరియైన మాస్కు ఇవ్వండి. తువ్వాలు, గుడ్డ మాస్కు, కరోనా కాలంలో పెట్టుకొన్న నీలిరంగు మాస్కు ఈ పోగులను ఆపలేవు. ఎన్-95 కూడా ఈ పనికి తగినది కాదు. పి-100 ఫిల్టర్లు గల రబ్బరు మాస్కు గాని, ఎఫ్‌ఎఫ్‌పి-3 రకం గాని కావాలి. గడ్డం పెరిగి ఉంటే అంచులలోనుండి గాలి దూరుతుంది.

9. చీపురు పట్టవద్దు. తడి గుడ్డలతో తుడిచి, ఆ గుడ్డలను కూడా చెత్తతోనే మూటకట్టాలి. పనివారు అక్కడే స్నానం చేసి బట్టలు మార్చుకోవాలి. పని బట్టలు ఇంటికి పోరాదు.

10. రెండు పొరల మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టి, అంటించి, పైన పేరు వ్రాయండి. చెరువు కట్టలోనో, రోడ్డు గుంతలోనో వేయవద్దు. ప్రమాదకర వ్యర్థాలను శాస్త్రీయంగా పూడ్చే కేంద్రం, మనం హైదరాబాదు పోయే దారిలోనే దుండిగల్ వద్ద ఉన్నది. కాలుష్య నియంత్రణ మండలి అధికారులను అడిగి, వారు చెప్పినట్లు పంపాలి.

ఆవిరి గొట్టాల పూత, పొడి రాలే సీలింగు విషయంలో మాత్రం పైన చెప్పినది చాలదు. వాటిని మన కూలీలు ముట్టరాదు. గది మూసి, శిక్షణ పొందినవారిని పిలిపించాలి.

చట్టం మాట

మన దేశంలో రేకుల అమ్మకం నిషేధించబడలేదు. కొత్త రాతినార గనుల లీజులు 1986 నుండి ఆపివేయబడ్డాయి. కార్ఖానాలకు నార విదేశాల నుండి వస్తున్నది. అమ్మకానికి అనుమతి ఉన్నంతమాత్రాన అపాయం లేదని అర్థం కాదు. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు తీర్పులో, రాతినార కార్మికుల ఆరోగ్య వివరాలను పనిలో చేరిన నాటి నుండి కనీసం 40 ఏండ్లు గాని, పని మానిన తరువాత 15 ఏండ్లు గాని, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలని, జబ్బుపడినవారికి లక్ష రూపాయల పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. కార్మికుని ఆరోగ్యం అతని జీవించే హక్కులో భాగమని కూడా చెప్పింది. 2009లో కేరళ మానవ హక్కుల కమిషన్ పాఠశాలల మీది ఆస్బెస్టాస్ కప్పులను తొలగించాలని ఆదేశించింది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలలో రాతినార చెత్త పేరు ఉన్నది.

కార్ఖానాలో పనివానికి ఈ తీర్పు కొంత అండ. కౌడిపల్లి అడ్డా మీద నిలబడి నాలుగు రోజుల పనికి పోయే కూలీ పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు. నలభై ఏండ్ల తరువాత ఆయాసంతో మంచం పట్టినప్పుడు ఆ నాలుగు రోజులు ఎవరికి గుర్తుంటాయి? కనుక కమిటీలు పని చేసినవారి పేర్లను, తేదీలను ఆసుపత్రి పుస్తకంలో వ్రాసి ఉంచాలి. నిర్మాణ కార్మికులు కార్మిక శాఖలో తమ పేరు నమోదు చేయించుకోవాలి. కాంట్రాక్టరుకు ఇచ్చే అంచనాలో మాస్కులు, తడపడం, చుట్టడం, తరలింపు – ఈ ఖర్చులను విడిగా చూపాలి. "అదంతా నీవే చూచుకో" అని ఒక్క మొత్తం ఇస్తే, మొదట కోతపడేది మాస్కు మీదనే.

పాత రేకు దానం కాదు

ఇది మా మనస్సును ఎక్కువగా కలచిన విషయం. ఆసుపత్రి కప్పు మారినప్పుడు పాత రేకులను బీదలకు పంచడం మంచి పని అని చాలామంది తలుస్తారు. విధవరాలి గుడిసెకు కప్పు అయింది గదా అని సంతోషిస్తారు. కాని అవి ఒకసారి విప్పబడి అంచులు విరిగినవి. మళ్లీ కోయకుండా, రంధ్రం చేయకుండా ఆమె ఇంటికి సరిపోవు. పదివేల రూపాయల జీతగాని వార్డు నుండి తీసిన అపాయాన్ని దినకూలి చేసేవారి ఇంటికి మోసినట్లవుతుంది. మన పిల్లల నెత్తి మీద వద్దనుకొన్నదానిని ఎదుటివారి పిల్లల నెత్తి మీద పెట్టడం దానం అనిపించుకోదు. ఆమెకు కప్పు కావాలంటే కొత్తది కొని ఇద్దాం. నాలుగు కుటుంబాలు కలిస్తే అది అసాధ్యమేమీ కాదు.

సంఘస్థులు అడిగిన ప్రశ్నలు

ఈ సంగతి కూటములలో చెప్పినప్పుడు పలువురు అడిగినవాటిలో కొన్నింటికి జవాబు వ్రాస్తున్నాము.

"అయ్యగారూ, మా ఇంటి మీద రేకులే ఉన్నయ్. ఇప్పుడు ఇల్లు ఇడిసి పోవాల్నా?" – అవసరం లేదమ్మా. రేకు బాగుంటే దానిని కదపకండి. పగిలితే తడిపి, నిండుగా దించి, ప్లాస్టిక్‌లో చుట్టండి. ముక్కలను పిల్లల చేతికి ఇవ్వకండి. శక్తి కలిగినప్పుడు పెంకు గాని, రంగు ఇనుప రేకు గాని, రాతినార లేని సిమెంటు రేకు గాని వేసుకోండి. కొనేటప్పుడు ఆస్బెస్టాస్ లేనిదేనా అని అడిగి, బిల్లు మీద వ్రాయించుకోండి.

"పాస్టరయ్యా, ఇరవై ఏండ్ల సంది రేకులు కోస్తున్న. నాకు జబ్బు వచ్చినట్టేనా?" – కాదు తమ్ముడూ. పీల్చిన ప్రతివానికీ రాదు. ఎంత ఎక్కువ పీలిస్తే ముప్పు అంత ఎక్కువ. కనుక నేటి నుండి పొడిగా కోయడం మానివేయి, బీడీ మానివేయి. దగ్గు, ఆయాసం విడువకుండా ఉంటే డాక్టరు దగ్గరకు పోయి, "నేను రేకులు కోసిన, ఇన్నేండ్లు కోసిన" అని నోరు తెరిచి చెప్పు. దగ్గు, ఆయాసం అనగానే మన దగ్గర ముందుగా క్షయ అనే తలుస్తారు. చేసిన పని చెబితేనే డాక్టరు సరియైన పరీక్ష వ్రాస్తాడు.

"రేకు మీది వాన నీళ్లు తాగితే?" – ఈ నార వలన రుజువైన పెద్ద ముప్పు పీల్చడంలోనే ఉన్నది. అయినా పాతబడి పొడి రాలే రేకు మీది నీళ్లను తాగడానికి కాక ఇతర పనులకు వాడుకోవడం మేలు.

ముగింపు

ప్రియులారా, ఆసుపత్రి అనేది ఊపిరి అందనివానికి ఊపిరి ఇచ్చే చోటు. అట్టి చోట, దానిని బాగు చేయ వచ్చిన కూలీ ఊపిరి పోగొట్టుకొనరాదు. ఇందుకు కోట్లు అవసరం లేదు. ఒక పుస్తకం, ఒక స్ప్రేయరు, నాలుగు మంచి మాస్కులు, రెండు రోజుల ఓపిక చాలు.

ఏ ఆసుపత్రి, పాఠశాల, హాస్టలు కమిటీలో మీరు సభ్యులైతే, రాబోయే సమావేశంలో ఈ రెండు ప్రశ్నలు అడగండి: "మన కట్టడంలో రాతినార ఎక్కడెక్కడ ఉన్నదో వ్రాసి పెట్టామా? ఈసారి మరమ్మతుకు వచ్చే పనివారికి ఆ సంగతి ముందుగా చెబుతామా?" జవాబు లేకపోతే వేసవి పనులు మొదలు కాకముందే ఆ పుస్తకం తెరవండి. ఈ పత్రిక చదవడం రాని మేస్త్రి మీ వాడలో ఉంటే, ఒక సాయంకాలం ఆయన దగ్గర కూర్చొని ఈ పది మాటలూ చదివి వినిపించండి.